నికర దుప్పటి, మిగులు దుప్పటి

రాయలసీమకు జరిగిన అన్యాయాల చిట్టాలో ఇంతవరకు ఎవరూ ఎక్కించనిది ఒకటుంది. ఎక్కించే బాధ్యత నా మీద పడింది. ఎందుకంటే ఆ అన్యాయం రోజూ రాత్రి పదిన్నర నుంచి తెల్లవారుజాము ఐదింటి దాకా కర్నూలులో మా మంచం మీదే జరుగుతోంది.

నాది కర్నూలు. మా ఆవిడది కృష్ణా డెల్టా, తెనాలి దగ్గర. పెళ్లిచూపుల్లో జాతకాలు చూశారు, జీతం అడిగారు, పొలం ఎంతని అడిగారు. ఫ్యాను ఏ నంబరులో పెట్టుకుని పడుకుంటావు నాయనా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకు డిసెంబరులోనైనా ఫ్యాను ఐదులో తిరగాలి. ఆమెకు మే నెలలో కూడా మెడ దాకా దుప్పటి ఉండాలి. మే అంటే కర్నూలు మే. పగలంతా కాగిన మిద్దె ఆ వేడిని అర్ధరాత్రి దాకా మన మీదికి దించుతూనే ఉంటుంది. ఆ మిద్దె కింద దుప్పటి!

మంచం ఉన్నంతవరకే కాళ్లు చాచుకోవాలన్న సామెత చెప్పినవాడు బ్రహ్మచారి అయ్యుండాలి. పెళ్లయినవాడికి కాళ్ల సంగతి తర్వాత. ముందు దుప్పటి ఎంత మిగిలిందో తడుముకోవాలి.

ఇక్కడ కొంత సాంకేతిక చర్చ తప్పదు. మా డబుల్ దుప్పటి వెడల్పు 90 అంగుళాలు. అమాయకులు దాన్ని రెండుతో భాగించి తలా 45 అంటారు. నీళ్ల లెక్కలు తెలిసినవాళ్లు అలా అనరు. మొత్తం వేరు, నికర లభ్యత వేరు. పక్కకు తిరిగి పడుకుంటే భుజం ఎత్తు కొంత తినేస్తుంది. పాదాల కింద దోపుకున్నది కొంత. ఇద్దరి మధ్య గుంటలోకి జారి ఎవరికీ కాకుండా పోయేది కొంత. దీన్ని ఆవిరి నష్టం కింద రాసుకోవాలి. పోయిన జనవరిలో ఒక రాత్రి మూడింటికి చలికి మెలకువ వచ్చింది. కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి, సెల్‌ఫోను లైటు వేసి కొలిచాను. నా వైపు ఉన్నది 11 అంగుళాలు. టేపు చివర ఉన్న రేకు చెయ్యికి తగిలి మా ఆవిడ లేచింది.

"ఏవండీ, ఏం చేస్తున్నారు?"

"కొలుస్తున్నాను."

"దేనికి?"

"ఆధారాల కోసం."

నా వైపు ఒక్క క్షణం చూసి, "ఆ ఫ్యాను తగ్గించి పడుకోండి" అని అటు తిరిగింది. ఆ తిరగడంలో 11 అంగుళాలు కూడా వెళ్లిపోయాయి.

న్యాయంగా ఆమె వాదన కూడా చెప్పాలి. నేను పైనుంచి ఐదు వదులుతున్నాను కాబట్టే కింద తనకు దుప్పటి అవసరం పెరుగుతోందట. ఫ్యాను రెండుకు దించితే దుప్పటిలో నా వాటా దానంతట అదే వస్తుందట. వినడానికి బాగానే ఉంది. కానీ ఒకసారి రెండుకు దించినవాడు మళ్లీ ఐదుకు ఎప్పుడు పెంచగలడు? ఏసీకైతే 2020 నుంచి 24 డిగ్రీలు డిఫాల్టుగా ఉండాలని కేంద్రం రూలు పెట్టింది. ఫ్యాను రెగ్యులేటర్‌ను మాత్రం ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు.

పైగా ఆమెకు చరిత్ర బలం ఉంది. డెల్టావాళ్లు బెజవాడ దగ్గర ఆనకట్టను 1855కే పూర్తి చేసుకున్నారు. ముందు నుంచి వాడుకుంటున్నవాళ్లదే ముందు హక్కు అన్నది వాళ్ల రక్తంలో ఉంది. ఆమె తొమ్మిదిన్నరకే పడుకుంటుంది. నేను పదిన్నరకు వెళ్లేసరికి పాత ఆయకట్టు మొత్తం తడిసిపోయి ఉంటుంది. బూరుగు దూది పరుపు వాళ్ల పుట్టింటి సారెలో వచ్చింది కాబట్టి పరీవాహక ప్రాంతం కూడా వాళ్లదే.

కృష్ణా నీళ్ల తగువు తీర్చడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో ఇచ్చిన తీర్పులో 2060 టీఎంసీలను మూడు రాష్ట్రాలకు పంచి, మిగులు నీళ్ల గురించి ఒక మాట చెప్పింది. ఆంధ్రప్రదేశ్ వాడుకోవచ్చు, హక్కు మాత్రం అడగకూడదు. పెద్ద పెద్ద లాయర్లు ఈ మాట మీద ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. నాకు వారంలో అర్థమైంది. ఆమె బాత్రూముకు వెళ్లిన ఐదు నిమిషాలు దుప్పటి మొత్తం నాదే. హక్కు లేదు.

ఒప్పందాలు లేవా అంటే ఉన్నాయి. 1937 నవంబరు 16న మద్రాసులోని శ్రీబాగ్ అనే ఇంట్లో సీమ పెద్దలు, కోస్తా పెద్దలు కూర్చుని నీళ్లలో సీమకే ముందు అని రాసుకున్నట్టే, పెళ్లయిన కొత్తలో మేమూ ఒక కాగితం రాసుకున్నాం. ఫ్యాను మూడు, దుప్పటి సగం సగం. ఆ కాగితం బీరువాలో భద్రంగా ఉంది. శ్రీబాగ్ కాగితం కూడా ఎక్కడో భద్రంగానే ఉండి ఉంటుంది.

సైన్సు ఏమంటుందో కూడా చూశాను. నిద్ర పట్టే ముందు ఒంట్లో వేడి కొంచెం దిగాలట. ఆడవాళ్లకు సాధారణంగా చేతులు కాళ్లు తొందరగా చల్లబడతాయట. అంటే ఇద్దరమూ రైటే. ఇంతకంటే పనికిరాని తీర్పు ఇంకోటి ఉండదు.

స్వీడన్, డెన్మార్క్, జర్మనీ దేశాల్లో మాత్రం చాలా ఇళ్లలో మంచం ఒకటే, దుప్పట్లు రెండు. ఎవరిది వాళ్లు కప్పుకుని పడుకుంటారు. అంత చలి దేశాల్లోనే కొంపలు కూలకపోతే, తుంగభద్ర ఒడ్డున ఎందుకు కూలాలి? ఇదే మాట ఇంట్లో పెడితే ఆమె వెంటనే ఒప్పుకుంది. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు.

ఎమ్మిగనూరు వెళ్లాం. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. దుప్పటి కొనాలంటే ఈ చుట్టుపక్కల ఇంకెక్కడికి పోతాం? నాకు పలచటిది, గళ్లది. ఆమెకు మందంది, మెరూన్. రెండూ సింగిల్‌వే. "డబుల్ కాదా సార్?" అన్నాడు కొట్లో అబ్బాయి. కాదన్నాను. అతను నన్ను చూసి, మా ఆవిడను చూసి, అడక్కుండానే ధర తగ్గించాడు.

అక్కడితో మొదలైంది. మిద్దె మీద దండేనికి రెండు సింగిల్ దుప్పట్లు ఆరేసి ఉండడం పక్కింటి పిన్నమ్మ చూసింది. సాయంత్రానికి వీధి వీధికీ మా మీద జాలి పుట్టింది. ఒకాయన నన్ను టీకి పిలిచి, సంసారమన్నాక సర్దుకుపోవాలి అని అరగంట చెప్పాడు. 1953లో రాజధాని వస్తే గుడారాల్లో ఆఫీసులు పెట్టుకుని సర్దుకున్న ఊరు మాది. సర్దుకోవడం గురించి కర్నూలువాడికా చెప్పడం? ఒకే దుప్పటి కింద ఒకరికి చెమట, ఒకరికి వణుకు పడుతుంటే అన్యోన్యం. చెరొక దుప్పటిలో ఇద్దరూ ఐదింటి దాకా గురకపెడితే గొడవ. లోకానికి కావలసింది ఈ లెక్క.

ఉగాదికి ఊరి నుంచి అమ్మ వచ్చింది. పొద్దున్నే మంచం మీద మడతపెట్టిన రెండు దుప్పట్లు చూసింది. కోడలు వంటింట్లోకి పోయేదాకా ఆగి, నన్ను పట్టుకుంది.

"ఏమిరా, మాట్లాడుకోవట్లేదా మీరు?"

"మాట్లాడుకుంటున్నాం మా. నిద్ర బాగా పడుతుందని..."

"మీ నాయన, నేను నలభై ఏండ్లు ఒగటే బొంత కప్పుకున్నాం. ఎప్పుడన్నా ఇట్ల జేసినామా?"

"నాయన ఎప్పుడూ మిద్దె మీదనే కదమ్మా పండుకునేది? వానొస్తే అరుగు మీద."

అమ్మ మాట్లాడలేదు. నాయనకు మోకాళ్ల నొప్పులు వచ్చి రెండేళ్లయింది. మిద్దె ఎక్కలేక అప్పటి నుంచి లోపలే పడుకుంటున్నాడు. అమ్మ నా గళ్ల దుప్పటిని చేత్తో నిమిరింది, అంచు తిప్పి చూసింది.

"ఎమ్మిగనూరుదేనా? ఎంతబడింది?"

చెప్పాను.

వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నాకు గూడా ఒగటి తెచ్చిపెట్టు నాయనా. మీ నాయనకు చెప్పొద్దు."