సవరణ: ఆ కంటతడి పోలింగ్ రోజుది కాదు

2008లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు తమ అభ్యర్థిని ఎంచుకోవడానికి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో డెమోక్రాటిక్ పార్టీకి జరిగిన ప్రైమరీ (పార్టీ లోపలి పోటీకి ఓటింగ్) గురించి నిన్న పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. క్షమించాలి.

హిల్లరీ క్లింటన్ పోలింగ్ రోజు ఉదయం ఏడ్చేశారని రాశాను. కాదు. అది ముందు రోజు, జనవరి 7న, పోర్ట్స్‌మత్‌లోని ఒక కాఫీ షాపులో. అసలు ‘ఏడ్చేశారు’ అనడమే ఎక్కువ. ఇంత టెన్షన్‌లో ఎలా నెట్టుకొస్తున్నారని ఒకావిడ అడిగితే, జవాబు చెబుతుండగా గొంతు జీరబోయింది, కళ్లు చెమర్చాయి. అంతే. అంతకుముందు అయోవా రాష్ట్రంలో జరిగిన ఇలాంటి పోటీలోనే మూడో స్థానంలోకి పడిపోయి అప్పటికి నాలుగు రోజులే. సర్వేలు ఆమె ప్రత్యర్థి ఒబామాదే గెలుపని చెబుతున్నాయి. ఆ స్థితిలో ఎవరికైనా గొంతు పూడుకుపోదూ!

రెండోది: పార్టీ సభ్యులే ఓటేస్తారని రాశాను. అక్కడ ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటర్లు కూడా వెయ్యొచ్చు. బూత్‌కు వెళ్లి ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవాలి. ఆ రోజే రిపబ్లికన్ల ప్రైమరీ కూడా ఉంది కాబట్టి, ఒబామాకు వేస్తే రిపబ్లికన్ పోటీదారు మెకెయిన్‌కు వేసే వీల్లేదు.

ఫలితం మాత్రం సరిగ్గానే రాశాను: హిల్లరీకి 39 శాతం, ఒబామాకు 36 శాతం పైచిలుకు. ఆ కంటతడే గెలిపించిందన్న మాట నేనైతే పూర్తిగా నమ్మను. అన్నట్టు, అర్ధరాత్రే ఓటేసే డిక్స్‌విల్ నాచ్ అనే చిన్న ఊళ్లో ఒబామాకు 7 ఓట్లు పడితే, ఆమెకు ఒక్కటీ పడలేదు.