డబ్బా మీద పేరు లేనివాడు

పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్న మాట మన పెద్దలు ఏ సంబంధం చూసి వచ్చి అన్నారో తెలియదు గానీ, వాళ్లలో ఒకరైనా జర్మనీలో బ్యాంకు ఖాతా తెరవబోయి ఉంటారని నా గట్టి అనుమానం. అక్కడ గది అద్దెకు కావాలంటే ఖాతా ఉండాలి. ఖాతా కావాలంటే నివాసం నమోదైన కాగితం ఉండాలి. నివాసం నమోదు కావాలంటే గది ఉండాలి. ఈ మూడింటిలో ఏదో ఒకటి ముందే చేతిలో ఉండాలంటే మనిషి అక్కడే పుట్టి ఉండాలి. నేను పుట్టింది తెనాలిలో. తప్పు నాదే.

ఏడాదిపాటు పాఠాలు చెప్పే పని మీద వెళ్లాను. ఒక పెద్దావిడ ఇంట్లో గది దొరికింది. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లో నివాసం నమోదు చేసుకోవాలని అక్కడి చట్టం. ఆ చట్టాన్ని గౌరవించి మొదటి రోజే అడిగితే, కార్యాలయంవారు ఐదు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. చట్టం ఒక గదిలోనూ క్యాలెండరు మరో గదిలోనూ ఉంటాయి కాబోలు, రెండింటికీ మాటలు లేవు. పైగా ఇంటి యజమాని సంతకంతో ఒక ధ్రువపత్రం తేవాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పాఠకులు తొందరపడకుండా ఊపిరి పీల్చుకోవచ్చు. ఈ మాటతో తర్వాత పనుంది.

బ్యాంకువారు మర్యాదస్తులు. శాఖకు వచ్చి శ్రమపడవద్దు, వీడియోలో మీ ముఖం చూసి ఖాతా ఇస్తామన్నారు. చొక్కా మార్చుకుని కూర్చున్నాను. తెర మీద ఒక కుర్రవాడు వచ్చి పాస్‌పోర్టును కుడికి వంచమన్నాడు, ఎడమకు వంచమన్నాడు, వెలుతురుకు పట్టమన్నాడు. పట్టుచీర బేరం చేసే అత్తగారు కూడా అంచును అంత శ్రద్ధగా చూడదు. పావుగంట చూశాక, ఈ దేశపు పాస్‌పోర్టు వీడియోలో చెల్లదు, పోస్టాఫీసుకు వెళ్లి చూపించండి అన్నాడు. ఏ దేశపు పాస్‌పోర్టో అట్ట మీద బంగారు అక్షరాలతో రాసే ఉంది. అట్ట చూడటం అతని విధుల్లో లేదు.

మధ్యలో ఒక సంగతి చెప్పకపోతే పాపం. యూరోపు చట్టాన్ని అనుసరించి జర్మనీలో 2016 జూన్ 19 నుంచి, అక్కడ చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా మామూలు ఖాతా పొందే హక్కు ఉంది. నిలువ నీడ లేనివాడికి కూడా ఉంది. సరైన దరఖాస్తు అందిన పది పనిదినాల్లో బ్యాంకు తేల్చాలి. చాలా మంచి చట్టం, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కానీ నాకు ఇల్లుంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎందుకంటే ఇల్లున్నవాడికి ఉత్తరం పంపుతారు. కార్డు ఒక ఉత్తరంలో వస్తుంది, దాని రహస్య సంఖ్య రెండు మూడు రోజులు ఆగి మరో ఉత్తరంలో వస్తుంది. రెండూ ఒకేసారి దొంగ చేతిలో పడకూడదని ఈ జాగ్రత్త. నా విషయంలో అది నూటికి నూరుపాళ్లు ఫలించింది. దొంగకు దొరకలేదు, నాకూ దొరకలేదు.

జర్మనీలో అపార్టుమెంట్లకు సాధారణంగా ఫ్లాటు నంబర్లు ఉండవు. వీధి పేరు, భవనం నంబరు, ఆపైన మనిషి పేరు, అంతే. కింద వరసగా ఉత్తరాల డబ్బాలు, ఒక్కో డబ్బా మీద పేరు. ఆ పేరు చూసి పోస్టుమాన్ ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే, మీరు డబ్బా పక్కనే నిలబడి చేయి చాచినా ఉత్తరం వెనక్కి పోతుంది. డబ్బా మీద లేనివాడు భూమి మీద లేనట్టే లెక్క.

ఇక నా పేరు సంగతి. అందులో మా తాతగారు ఉన్నారు. నేను పుట్టకముందు మా అమ్మ మొక్కుకున్న తిరుపతి వెంకన్న, పుట్టాక నాన్న మొక్కుకున్న అన్నవరం సత్యదేవుడు ఉన్నారు. ముందు ఇంటిపేరు. ఇంగ్లీషులో రాస్తే మొత్తం ముప్పైఆరు అక్షరాలు. డబ్బా మీద పేరు పెట్టే రేకు చిటికెనవేలంత. అందులో సగం ఇంటావిడ పేరు ఉంది, అది నాలుగక్షరాలు.

అందుకని తెల్లకాగితం మీద చక్కగా రాసి, రేకు కింద అతికించాను. మర్నాడు నా కార్డు వచ్చింది. ఆ సాయంత్రమే భవనం బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ వచ్చి కాగితం పీకేశాడు. పన్నెండు డబ్బాల్లో పదకొండింటికి ఒకే తీరు రేకులు ఉండగా ఒకదానికి కాగితం ఉండటం ఇంటి క్రమశిక్షణకు భంగమట. రేకు చేయించమన్నాడు. సరే, చేయించండి అన్నాను. పేరు అడిగాడు. చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. రాసిచ్చాను. కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, ఇందులో మీ పేరు ఎక్కడ మొదలవుతుంది అని అడిగాడు. ఇంటిపేరు దగ్గర అన్నాను. ఇంటిపేరు చివర కదా ఉండాలి అన్నాడు. మాకు ముందు ఉంటుంది అన్నాను. అయితే చివర ఉన్నది ఎవరు అన్నాడు. సత్యదేవుడు అన్నాను. ఆయన కూడా ఈ ఇంట్లోనే ఉంటారా, నివాసం నమోదు చేశారా అని అడిగాడు.

చివరికి, మీ పేరు మరీ పొడవు అని తీర్పు చెప్పాడు. వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే మాటను అరక్షణం కూడా ఆగకుండా పలికే మనిషి, నా పేరు పొడవన్నాడు!

రేకు తయారు కావడానికి రెండు వారాలన్నాడు. మూడో రోజున రహస్య సంఖ్య వచ్చింది, డబ్బా మీద నన్ను వెతికింది, లేనని నిశ్చయించుకుని వెళ్లిపోయింది. ఉత్తరం వెనక్కి రాగానే బ్యాంకువారు నా చిరునామా అనుమానాస్పదమని ఖాతా స్తంభింపజేశారు. ఫోను చేస్తే ఓ అమ్మాయి ఎంతో ఓపికగా విని, చిరునామా సరైనదేనని నిరూపించుకోవాలి, ఎలాగో వివరిస్తూ మీకు ఉత్తరం పంపాం అంది. ఎక్కడికి పంపారమ్మా అన్నాను. మీ చిరునామాకే అంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నాకు జీతం వచ్చేది, ఇంటావిడ అప్పిచ్చేది. నవ్వు రానిది పై అంతస్తులో ఉండే పిల్ల సంగతి.

ఖమ్మం దగ్గరి పల్లె నుంచి చదువుకోవడానికి వచ్చింది. జర్మనీ విద్యార్థి వీసా కావాలంటే ముందుగా ఒక ఏడాది ఖర్చు అక్కడి ఖాతాలో వేసి తాళం పెట్టించాలి. దాన్ని స్పెర్‌కోంటో అంటారు, మన పిల్లలు బ్లాక్డ్ అకౌంట్ అంటారు. 2023లో అది 11,208 యూరోలు, 2024 సెప్టెంబరు నుంచి 11,904. మన లెక్కలో పది లక్షలు దాటిన మాట. వాళ్ల నాన్న రెండెకరాల కాగితాలు తాకట్టు పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. ఆ డబ్బులోంచి నెలకు 992 యూరోలు చొప్పున పిల్లకు ఇస్తారు. కానీ ఇవ్వడానికి ఆమెకు మరో మామూలు ఖాతా ఉండాలి. ఆ ఖాతాకు నివాసం కాగితం కావాలి. ఆ కాగితానికి ఐదు వారాలు. ఈలోగా గదికి అడ్వాన్సు మూడు నెలల అద్దె. చట్టం ప్రకారం అది మూడు వాయిదాల్లో కట్టవచ్చు. ఆ సంగతి ఇంటివాళ్లు ఆ పిల్లకు చెప్పలేదు.

పదకొండు వేల యూరోలకు సొంతదారు ఆ పిల్ల. ఏడు వారాలు బ్రెడ్డూ జామూ తిని బతికింది. అడ్వాన్సు కోసం క్లాసులో నలుగురి దగ్గర చేయి చాచింది. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం బాగానే తింటున్నానని చెప్పేది. అక్కడ ఖమ్మంలో వడ్డీకి నివాసం కాగితం అక్కర్లేదు, డబ్బా మీద పేరు అక్కర్లేదు, అప్పు చేసిన రోజు నుంచే నడుస్తుంది. ఎవరి డబ్బు ఇది? ఆకలి మీద ఉన్న పిల్లకు ఆమె డబ్బు ఆమెకు ఇవ్వకుండా ఆపి, అది ఆమె క్షేమం కోసమే అని చెప్పడానికి ఎంత సిగ్గులేనితనం కావాలి? దాచిపెట్టినందుకు రుసుము కూడా తీసుకున్నారు. మన ఊళ్లో వడ్డీ వ్యాపారిని జలగ అంటాం. వాడు కనీసం డబ్బు చేతిలో పెట్టాకే పీలుస్తాడు.

మన బ్యాంకులను పొగుడుతున్నానని అనుకోవద్దు. అదే రోజుల్లో హైదరాబాదులోని నా ఖాతాలోకి వెళ్లబోతే, ఓటీపీ ఇంట్లో బీరువాలో వదిలి వచ్చిన సిమ్ముకు వెళ్లింది. అది వేరే పురాణం.

రేకు వచ్చింది. దాని మీద మా ఇంటిపేరులో మొదటి ఐదక్షరాలు, ఒక చుక్క. దేవుళ్లిద్దరికీ చోటు దొరకలేదు. దిగిన మూడో నెలలో, ఒక శనివారం పొద్దున, రహస్య సంఖ్య వచ్చింది. నాలుగే అంకెలు. కంఠతా పట్టి, కార్డు జేబులో పెట్టుకుని, మొట్టమొదట వీధి చివరి బ్రెడ్డు కొట్టుకు వెళ్లాను. ఒక రొట్టె, రెండు బన్నులు తీసుకుని ఠీవిగా కార్డు చాచాను. కొట్టావిడ నా వెనక ఉన్న బోర్డు చూపించింది. నగదు మాత్రమే తీసుకోబడును.

వరసలో నా వెనక ఖమ్మం పిల్ల ఉంది. "ఉండనివ్వండి సార్, నేనిస్తాను" అని జేబులోంచి చిల్లర తీసి, ఒక్కో నాణెం లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.