వెలివేసే హక్కు ఏ కమిటీకీ లేదు

నిజామాబాద్ జిల్లాలో చాలా పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీ మాటే శాసనం. వీడీసీలుగా అందరూ పిలిచే ఈ కమిటీలు గుడి కట్టిస్తాయి, మోరీలు బాగు చేయిస్తాయి. కాదనడం లేదు. బెల్టు షాపులకు వేలంపాట పెట్టేదీ అవే. చట్టంలో వాటికి చోటే లేదు. అయినా జరిమానాలు వేస్తాయి, కట్టనన్నవారిని చాటింపు వేయించి మరీ వెలివేస్తాయి.

ఆ వెలి ఎలా సాగుతుందో చూడండి. ఆ ఇంటికి కిరాణా కొట్టులో ఉప్పు కూడా అమ్మకూడదు. వాళ్ల పొలానికి ట్రాక్టర్ పోకూడదు, కూలీలు పోకూడదు. వాళ్లింట్లో చావొచ్చినా ఎవరూ గడప తొక్కకూడదు. పలకరించినవారికీ జరిమానాయే. శిక్ష ఒక్క ఇంటికేనని పేరు గానీ, నోరు కట్టేసేది ఊరందరికీ. 'ఊరంతా ఒక్క మాట మీద ఉంది' అని పెద్దలు చెప్పుకునే ఐకమత్యంలో ఈ భయం పాలెంతో వాళ్లకూ తెలుసు.

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్, రాజ్యాంగ ముసాయిదా గ్రామాన్ని పక్కనపెట్టి వ్యక్తిని ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషం వెలిబుచ్చారు. పల్లెను చిన్నబుచ్చారని కొందరు సభ్యులు నొచ్చుకున్నారు కూడా. సాంఘిక బహిష్కరణను నేరంగా పరిగణించాలని ఆయన రౌండ్ టేబుల్ సమావేశాల నాడే అడిగారు. ఎందుకడిగారో దళితులను వెలివేసిన చుండూరు చెబుతుంది, 2017లో అదే పని చేసిన గరగపర్రు చెప్పింది.

ఇప్పుడు బాధితులు దళితులో గిరిజనులో అయితే అట్రాసిటీ చట్టం ఉంది. 2015 సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ అందులో స్పష్టంగా నేరమైంది. మరి వెలివేసింది గీత కార్మికుల కుటుంబాన్నో, రజకుల ఇంటినో అయితే? పోలీసులు బెదిరింపు కింద ఏదో ఒక సెక్షన్ వెతుక్కోవాలి. పక్కనున్న మహారాష్ట్ర 2016లోనే ప్రత్యేక చట్టం చేసింది. కులమేదైనా సరే, వెలివేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెలివేతకు ఉసిగొల్పినా నేరమే.

అలాంటి చట్టం తెలుగు రాష్ట్రాలు రెండూ తేవాలి. ఓట్లు పోతాయన్న టెన్షన్‌తో నాయకులు కమిటీల జోలికి పోరన్నది తెలిసిందే. చట్టం వచ్చేలోపు కలెక్టర్లు, పోలీసులు చేయగలిగిందీ ఉంది. వసూలు చేసిన జరిమానా బాధితులకు తిరిగి ఇప్పించాలి. ఇరుపక్షాలనూ ఠాణాకు పిలిచి రాజీతో సరిపెట్టడం మానేసి, చాటింపు వేయించినవారి మీద కేసు కట్టాలి.