స్వతంత్ర విద్యుత్తుకు ఒక చలి జోహారు

విపత్తు వేళ ప్రభుత్వాలు ఎలా నడుచుకోవాలో బోధించే పాఠ్యపుస్తకం ఎవరైనా రాయదలిస్తే, 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం మంచును ఎదుర్కొన్న తీరుకు మొదటి అధ్యాయం కేటాయించవలసిందిగా నా విన్నపం. అక్కడ వెచ్చదనం తప్ప సమస్తమూ సిద్ధంగా ఉంది. ఫిబ్రవరి 12న గవర్నర్ గ్రెగ్ అబట్ రాష్ట్రంలోని 254 కౌంటీలకూ విపత్తు ప్రకటించారు. ఏ ఒక్క కౌంటీకీ అన్యాయం జరగనివ్వలేదు. 14న అధ్యక్షుడు బైడెన్ కేంద్రం తరఫున అత్యవసర పరిస్థితి ప్రకటించారు. కాబట్టి ఆ రాత్రి ఒంటిగంట దాటాక లక్షలాది ఇళ్ళలో కరెంటు పోయే సమయానికి, చీకటికి కావలసిన కాగితాలన్నీ సక్రమంగా సంతకాలై ఉన్నాయి.

ఈ ఘనతను అర్థం చేసుకోవాలంటే టెక్సస్ కరెంటుకున్న ఆత్మగౌరవం గురించి కొంత తెలియాలి. రాష్ట్రాల సరిహద్దు దాటే విద్యుత్తుపై కేంద్రానికి అధికారమిస్తూ 1935లో అమెరికా చట్టం చేసింది. సరిహద్దు దాటితే కదా అధికారం, దాటకపోతే సరి అని టెక్సస్ కంపెనీలు అప్పుడే తీర్మానించుకున్నాయి. 1976 మే 4న ఒక కంపెనీ చడీచప్పుడు లేకుండా పక్కనున్న ఓక్లహోమాకు కొన్ని గంటలపాటు కరెంటు పంపితే, మిగతా కంపెనీలు కులం చెడినదాన్ని వెలివేసినట్టు దానితో తీగలు తెంచుకున్నాయి. ఇంత నిష్ఠగా కాపాడుకున్న గ్రిడ్‌ను నడిపే సంస్థ ఎర్కాట్. రాష్ట్రపు విద్యుత్ వాడకంలో సుమారు 90 శాతం దాని చేతి మీదుగానే సాగుతుంది. ఇంగ్లీషులో రాసే ఆ పొట్టిపేరు (ERCOT)లోని రెండవ అక్షరం, R, రిలయబిలిటీకి, అంటే విశ్వసనీయతకు, సంకేతమని గమనించగలరు. బయటివారి పెత్తనం సహించని ఈ సంస్థకు ఆనాడు అధ్యక్షత వహించిన వ్యక్తి ఉండేది మిషిగన్‌లో. మంచు ఎరిగిన రాష్ట్రం కనుక ఆ ఎంపికను తప్పుపట్టలేం.

ఏకాంతవాసం మనకు కొత్త కాదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారత గ్రిడ్‌లు కుప్పకూలి సుమారు 60 కోట్ల మంది చీకట్లో పడినప్పుడు, వాటితో అప్పటికి ముడిపడని దక్షిణ గ్రిడ్ పుణ్యమా అని మన ఫ్యాన్లు, కోత వేళలు మినహాయిస్తే, తిరుగుతూనే ఉన్నాయి. ఈ సంగతి తెలిస్తే టెక్సస్ పెద్దలు మనల్ని సాక్షులుగా పిలిచి ఉండేవారు. కానీ మనవాళ్ళు మరుసటి ఏడాది డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను మీదుగా దేశపు గ్రిడ్‌లో కలిసిపోయి, చక్కటి సాక్ష్యాన్ని చేజేతులా పాడుచేసుకున్నారు.

మంచు చెప్పకుండా వచ్చిందనేవారు చరిత్ర చదవనివారు. అది 1989లో వచ్చింది, కరెంటు పోయింది. 2011 ఫిబ్రవరిలో వచ్చింది, మళ్ళీ పోయింది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర నియంత్రణ సంస్థ సుదీర్ఘమైన నివేదిక వెలువరించి, పైపులకు చలి తగలకుండా తొడుగులు వేయండి, పరికరాలకు హీటర్లు పెట్టండి అని హితవు చెప్పింది. అయితే అది హితవే తప్ప ఆజ్ఞ కాదు. కంపెనీలు దాన్ని గౌరవంగా స్వీకరించి, ఖర్చు లెక్క వేసి, ఆ గౌరవాన్నే పదేళ్ళు కొనసాగించాయి. ఆ రాష్ట్రపు పశ్చిమ కొసన, వేరే గ్రిడ్‌లో ఉన్న ఎల్ పాసో నగరం మాత్రం 2011 దెబ్బ తర్వాత డబ్బు ఖర్చుపెట్టి ఏర్పాట్లు చేసుకుంది. పర్యవసానంగా 2021లో ఆ ఊరివారికి చెప్పుకోవడానికి కథే లేకుండా పోయింది.

ఫిబ్రవరి 9న ఎర్కాట్ బోర్డు సమావేశమైంది. రానున్న చలిగాలుల ప్రస్తావన అందులో ఒక్క నిమిషం కూడా పట్టలేదు. క్లుప్తత పాలనా గుణమే కదా. గది వేడిని నియంత్రించే థర్మోస్టాట్‌ను 68 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 20 సెల్సియస్‌కు, తగ్గించుకోమని, బట్టలు ఉతకడం వాయిదా వేసుకోమని ప్రజలకు సలహాలందాయి. 16వ తేదీన డాలస్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. అప్పటికి కరెంటు లేని ఇళ్ళలో థర్మోస్టాట్ తనంతట తానే ఆ సలహాను మించి పాటిస్తోంది.

గ్రిడ్ మొత్తం కూలిపోవడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఆగిందని ఎర్కాటే తర్వాత వెల్లడించింది. కూలి ఉంటే తిరిగి నిలబెట్టడానికి వారాలో నెలలో పట్టేదట. దాన్ని ఆపడానికి కోత పెట్టారు. సుమారు 45 లక్షల ఇళ్ళు, కార్యాలయాలు చీకటయ్యాయి. ఈ కోత వంతులవారీగా, కొద్ది నిమిషాల చొప్పున తిరుగుతుందని చెప్పారు గానీ, అది వెళ్ళిన ఇల్లు నచ్చి అక్కడే మూడేసి రోజులు మకాం వేసింది. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఉంటున్న తెలుగువారు ఈ విషయంలో మనసు కష్టపెట్టుకుని ఉంటే అందులో న్యాయం ఉంది. ఏ మండలానికి ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు కోతో పేపర్లో చూసుకుని, ఆ వేళకు ముందే పిండి రుబ్బుకుని, మోటారు వేసి తొట్లు నింపుకున్న క్రమశిక్షణలో పెరిగినవారు వాళ్ళు. కోతకు వేళ ఉండాలన్న కనీస నాగరికతను వదులుకోవడానికే అంత దూరం వెళ్ళారా? డాలస్, హ్యూస్టన్ నడిబొడ్డున, మనుషులు లేని అద్దాల మేడలు మాత్రం, ఆసుపత్రుల లైన్ల మీదే ఉన్నందువల్ల, రాత్రంతా దేదీప్యమానంగా వెలిగాయి. చీకట్లో కూర్చున్నవారికి చూడటానికి ఏదో ఒకటి ఉండాలి.

మంచినీళ్ళ విషయంలోనూ యంత్రాంగం నిద్రపోలేదు. పంపులు ఆగి, పైపులు పగిలి, కోటీ నలభై లక్షల మందికి పైగా నీళ్ళు మరిగించుకుని తాగండని ఆదేశాలందాయి. కరెంటు పొయ్యి ఉన్నవారు ఎలా మరిగించాలన్నది ఆ ఆదేశాల పరిధిలోకి రాదు.

ఇక కారణాన్వేషణ. ఆ వారం అన్నింటికంటే ఎక్కువగా చేయిచ్చింది సహజవాయువు. బావుల దగ్గరే గ్యాస్‌తో వచ్చే నీరు గడ్డకట్టి దారి మూసేసింది. గ్యాస్‌ను తోడే కేంద్రాలు అత్యవసరాల జాబితాలో లేనందున కోత వాటికీ తగిలింది. కరెంటు లేక గ్యాస్ రాలేదు, గ్యాస్ రాక కరెంటు లేదు. ఈ దశలో గవర్నర్ టీవీలో కనిపించి గాలిమరలనూ సౌరఫలకాలనూ నిందించారు. ఆడలేక మద్దెల ఓడు అన్న మన సామెత అంత దూరం ప్రయాణించినందుకు గర్విస్తున్నాను. గాలిమరలు కొన్ని ఆగిన మాట నిజమే. అంతకంటే చలిదేశమైన కెనడాలో అవి హీటర్లతో తిరుగుతాయన్నది వేరే సంగతి.

నాయకత్వం గురించి చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. మాజీ గవర్నర్ రిక్ పెర్రీ, కేంద్రం జోక్యం తప్పించుకోవడానికి టెక్సస్ ప్రజలు మూడు రోజులకంటే ఎక్కువైనా కరెంటు లేకుండా ఉంటారని వారి తరఫున త్యాగం ప్రకటించారు. అదే కేంద్రం పంపిన జనరేటర్లను, దుప్పట్లను రాష్ట్రం మొహమాటం కొద్దీ కాదనలేదు. టెక్సస్‌లోనే ఉన్న కొలరాడో సిటీ అనే ఊరి మేయర్, మిమ్మల్ని ఆదుకోవడం ఎవరి బాధ్యతా కాదు, బలవంతులే బతుకుతారని పౌరులకు ఫేస్‌బుక్‌లో బోధించి పదవికి దూరమయ్యారు. సెనేటర్ టెడ్ క్రూజ్ 17న మెక్సికోలోని కాన్‌కూన్ సముద్రతీరానికి విమానమెక్కి, దేశమంతా గమనించడంతో మర్నాడే తిరిగొచ్చి, పిల్లలు అడిగితే తీసుకెళ్ళానన్నారు. ఆయన సూర్యుణ్ణి వెదుకుతుండగా, టెక్సస్ తీరంలో చలికి కొయ్యబారిన వేలాది సముద్రపు తాబేళ్ళను స్వచ్ఛంద సేవకులు మోసుకొచ్చి సౌత్ పాద్రే ద్వీపంలోని సమావేశ మందిరంలో వరుసగా పరిచారు.

ఆ విపత్తులో మరణాలు 246 అని రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. ఎక్కువమంది పోయింది చలికే. వెచ్చదనం కోసం మూసిన గ్యారేజీలో కారు ఇంజన్ ఆన్ చేసుకుని విషవాయువుకు పోయినవారూ ఉన్నారు. ఈ పేరాలో నాకు వ్యంగ్యం తోచలేదు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి కథ మార్కెట్‌కు తెలియనిది కాదు. మామూలుగా కొన్ని పదుల డాలర్లు పలికే మెగావాట్ అవర్ (వెయ్యి యూనిట్ల) ధరను అప్పటి గరిష్ఠ పరిమితి అయిన 9,000 డాలర్ల దగ్గర నాలుగు రోజులు నిలిపి ఉంచారు. ధర పెరిగితే సరఫరా పెరుగుతుందన్నది సిద్ధాంతం. గడ్డకట్టిన బావి ఆ సిద్ధాంతం చదవలేదు. మార్కెట్ ధరకే కరెంటు కొనే పథకంలో చేరినవారికి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. జూన్‌లో గవర్నర్ కొత్త చట్టాలపై సంతకం చేస్తూ, గ్రిడ్‌ను బాగుచేయడానికి చేయవలసిందంతా చేసేశామన్నారు. గ్యాస్ కంపెనీలు ఆ వారం కొన్న ఖరీదైన గ్యాస్ కోసం తర్వాత వందల కోట్ల డాలర్ల బాండ్లు అమ్మారు. వాటిని వినియోగదారులు నెలనెలా బిల్లులో, ఏళ్ళ తరబడి తీరుస్తారు. ఆ ఇళ్ళలో చాలాచోట్ల గ్యాస్ ఆగలేదు. దాని వేడిని గదుల్లోకి ఊదే ఫ్యాను మాత్రం కరెంటుది.