నేనెప్పుడో మర్చిపోయానండీ

ఈమధ్య ఎవర్ని కదిపినా మనసు గాయాలు, అవి మానడం అంటూ తెగ మాట్లాడేస్తున్నారు గానీ, ఈ సబ్జెక్టులో నాకున్న అనుభవం మీకెవరికీ ఉండదని మనవి. 2014లో నాన్న పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర పదిమంది ముందూ మా అన్నయ్య "ఫోన్లు చెయ్యడం తప్ప నువ్వేం చేశావురా నాన్నకి" అన్నాడు. అది నేను పూర్తిగా మర్చిపోయాను. ఆరోజు విస్తట్లో గారెలు రెండు, పప్పు అడుగంటింది, అన్నయ్య చొక్కాకి రెండో గుండీ లేదు, అంతకుమించి ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు.

ఊరికే రాదు ఇది, సాధన కావాలి. అన్నయ్యది తెనాలి, మా అత్తగారిది చీరాల, కాబట్టి రైలు విజయవాడ దాటగానే పై బెర్తెక్కి దుప్పటి ముసుగెయ్యాలి, బాపట్ల వచ్చాక కిందికి దిగాలి. ఫ్యామిలీ గ్రూపు మ్యూట్‌లో పెట్టాలి, కానీ ఆయన పెట్టే గుడ్ మార్నింగ్ గులాబీలు మాత్రం రోజూ తెరిచి చూడాలి, చూడకపోతే మనసులో పెట్టుకున్నామనుకుంటాడు కదా. పెళ్ళిళ్ళలో ఆయన మొదటి బంతిలో కూర్చుంటే మనం మూడో బంతి. (రెండుసార్లు నా దాకా వచ్చేసరికి బూరెలు అయిపోయాయి. దానిక్కూడా నాకెవరి మీదా కోపం లేదు.)

మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకూడదని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు, కోతి దొరకలేదో ఏమో, 1987లో తెల్ల ఎలుగుబంటితో కానిచ్చాడు. ఐదు నిమిషాలు దాన్ని తలుచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు, గంటలు మోగుతూనే ఉన్నాయి, పైగా తర్వాత ఇప్పుడు తలుచుకోండి అంటే మొదట్నుంచీ తలుచుకున్నవాళ్ళ కంటే వీళ్ళకే ఎక్కువసార్లు వచ్చిందట. పాపం వాళ్ళకి పై బెర్తు లేదు.

ఇలా చక్కగా నడుస్తుంటే మా అమ్మాయి జేమ్స్ పెన్నెబేకర్ అని ఇంకొకాయన్ని తెచ్చింది. 1986లో కాలేజీ పిల్లలతో వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసులోని బాధ రాయించాడట. రాసిన రోజు మొహాలు వేలాడేశారు గానీ, జరిగిందీ దానికి తమకేమనిపించిందీ రెండూ రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి వెళ్ళడం తగ్గిందట. ఇంకేముంది, నోట్‌బుక్ కొనిచ్చి "రాయి నాన్నా" అని కూర్చోబెట్టింది.

మొదటి రోజు అన్నయ్య తప్పులు రాశా. ఇరవైమూడు అయ్యేసరికి టైమైపోయింది, హాయిగా నిద్రపట్టింది. రెండో రోజు "అన్నయ్య అన్నది అబద్ధం" అని మొదలెట్టా, పెన్ను అక్కడే ఆగింది, ఎందుకంటే నాన్న ఆస్పత్రిలో ఉన్న పంతొమ్మిది రోజుల్లో నేను వెళ్ళింది రెండుసార్లు, అందులో రెండోసారి రిటర్న్ టికెట్ ముందే తీసుకుని మరీ వెళ్ళా. సరిగ్గా అప్పుడే గ్యాస్ కట్టేశానో లేదోనని డౌటొచ్చి వంటింట్లోకి పరిగెత్తా. కట్టేసే ఉంది. మళ్ళీ వెళ్ళి చూసొచ్చా.

ఇవాళ మూడో రోజు. కూర్చుందామంటే ఈ వ్యాసం రాసే పని మీద పడింది.