గ్వాటెమాలా అసలు జాతీయ పండుగ నవంబరు 1

ఏటా స్వాతంత్ర్య దినమైన సెప్టెంబరు 15న మధ్య అమెరికాలోని గ్వాటెమాలా అంతా నీలం, తెలుపు జెండాలే. ముందు రోజు నుంచే బడిపిల్లలు, కుర్రకారు కాగడాలు పట్టుకుని రోడ్ల మీద పరుగులు తీస్తారు. స్కూలు బ్యాండ్లు కవాతు చేస్తాయి, నాయకులు ప్రసంగాలు దంచుతారు. ఈ హడావుడి చూసి ఆ దేశానికి ఇదే పెద్ద పండుగ అనుకుంటాం. కానీ ఆ రోజు ఇంట్లో ఏం వండుతారని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు. పోయినవాళ్లని తలుచుకునే సకల పునీతుల పండుగ నవంబరు 1న ఏం వండుతారని అడిగితే మాత్రం తడుముకోకుండా వచ్చే జవాబు ఫియాంబ్రే అనే చల్లటి వంటకం. నన్నడిగితే గ్వాటెమాలా ప్రజలు తమ జాతీయ పండుగ ఏదో ఎప్పుడో తేల్చేసుకున్నారు. ప్రభుత్వమే ఇంకా వేరే తేదీ పట్టుకుని వేలాడుతోంది.

సెప్టెంబరు 15 చరిత్ర చూస్తే దీంట్లో ఆశ్చర్యమేమీ లేదు. 1821లో ఆ రోజు స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటిస్తూ పెద్దమనుషులు సంతకాలు పెట్టిన పత్రం ఇప్పటికీ ఉంది. అందులో మొదటి అంశమే గుట్టు విప్పేస్తుంది. ప్రజలే తమంతట తాము స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే పరిణామాలు భయంకరంగా ఉంటాయి కాబట్టి అలా జరగకుండా మనమే ముందుగా ప్రకటిద్దాం అని దాని సారాంశం. అంటే జనానికి భయపడి తెచ్చుకున్న స్వాతంత్ర్యం అన్నమాట. నాలుగు నెలలు తిరగకుండానే, 1822 జనవరిలో, అదే పెద్దలు దేశాన్ని మెక్సికో సామ్రాజ్యంలో కలిపేశారు. మళ్లీ 1823 జులై 1న ఇంకోసారి ప్రకటించుకోవాల్సి వచ్చింది. 1821లో ఆ సంతకాల రోజున బయట మరింబా అనే చెక్క వాయిద్యం వాయింపించి, బాణసంచా కాల్పించి జనాన్ని పోగుచేసిందని మరియా దొలోరెస్ బెదోయా అనే మహిళ గురించి చెప్పుకుంటారు. ఆ రోజు మొత్తంలో నాకు నచ్చే పాత్ర ఆవిడొక్కతే. సంతకాలు పెట్టిన వాళ్లలో మాత్రం ఆవిడ లేదు.

ఇక ఫియాంబ్రే సంగతి. తెలియని వాళ్లకి సలాడ్ అని చెబుతుంటారు కానీ అది చాలా చిన్నమాట. క్యారెట్, బీన్స్, బఠాణీ, కాలీఫ్లవర్, క్యాబేజీ, బీట్‌రూట్, లేత మొక్కజొన్న పొత్తులు, చిరుచేదుగా ఉండే పకాయా అనే తాటిజాతి చెట్టు పూమొగ్గలు. దేని ఉడుకు దానిదే కాబట్టి దేనికది విడిగా ఉడికించాలి. తర్వాత అన్నిటినీ వెనిగర్ కలిపిన కల్దీయో అనే పులుసులో ఊరబెడతారు. రాత్రంతా ఊరాక పండుగ రోజున పెద్ద పళ్లెంలో పరిచి, పైన రకరకాల సాసేజ్‌లు, హామ్, కోడిమాంసం, జున్నులు, ఉడికించిన గుడ్లు, ఆలివ్‌లు, ముల్లంగి ముక్కలు పేరుస్తారు. కొన్ని ఇళ్లలో దినుసులు 50 దాటతాయి. అంతా చల్లగానే తింటారు. మనింట్లో ఆవకాయ పెట్టే రోజు హడావుడి గుర్తుందా? దాన్ని రెండు మూడు రోజులకు సాగదీస్తే ఇదే. కోసేవాళ్లు కోస్తుంటారు, ఉడికించేవాళ్లు ఉడికిస్తుంటారు, పెద్దావిడ మాత్రం పులుసు రుచి చూసి ఇంకొంచెం పులుపు పడాలంటుంది.

ఆ పులుసు దగ్గరే కుటుంబాలు విడిపోతాయి. బీట్‌రూట్ వేస్తే ఎర్ర ఫియాంబ్రే, వెయ్యకపోతే తెల్లది. మాంసం లేకుండా శాకాహారంగా చేస్తే ఆకుపచ్చది. అసలేమీ కలపకుండా దేనికది విడిగా వడ్డించేదీ ఒకటుంది, దాన్ని సరదాగా విడాకుల ఫియాంబ్రే అంటారు. ఎర్రది చేసే ఇంటి అమ్మాయి తెల్లది చేసే ఇంటికి కోడలిగా వెళ్తే ఏ పులుసు పెట్టాలనేది చిన్న తగాదా కాదు. అలాగని ఎవరి పళ్లెం వాళ్లింట్లోనే ఉండిపోదు. బంధువులకీ ఇరుగుపొరుగుకీ పంపుతారు, వాళ్లది వీళ్లింటికి వస్తుంది. తిని, పక్కింటావిడ ఈసారి వెనిగర్ ఎక్కువ పోసిందని చెప్పుకోవడం కూడా పండుగలో భాగమే. అధికారిక వంటకం అంటూ ఒక్కటి లేకపోవడమే దీని బలం. ఏదో ఒక శాఖ కూర్చుని ఫియాంబ్రేకి కొలతలు ఖరారు చేసిందంటే ఆ ఏటి నుంచే దాని పతనం మొదలైనట్టు.

ఆ రోజు ఇంటి పని ఇంట్లోనే అయిపోదు. జనం శ్మశానాలకు వెళ్లి సమాధులు కడిగి, రంగులు వేసి, పసుపుపచ్చటి బంతిపూలు పరుస్తారు. మన బతుకమ్మలో పేర్చే బంతిపూల పుట్టిల్లు ఆ ప్రాంతమే. మెక్సికో, మధ్య అమెరికా నేలల నుంచే అవి మన దాకా వచ్చాయి. అక్కడ అవి చనిపోయినవాళ్ల పూలు. సుంపాంగో, శాంతియాగో సకటెపేకెజ్ ఊళ్లలో పల్చటి రంగు కాగితాలు, వెదురుతో రాక్షస గాలిపటాలు కడతారు. వాటికోసం యువకుల బృందాలు నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుంటాయి. కొన్ని 15 మీటర్లు దాటుతాయి, అవి ఎగరవు, నిలబెడతారంతే. చిన్నవి సమాధుల మధ్య నుంచే ఎగరేస్తారు. పోయినవాళ్లకి కబురు అందుతుందని నమ్మకం.

1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో చంపబడ్డవాళ్లు, మాయమైనవాళ్లు కలిపి సుమారు 2 లక్షల మంది. వివరాలు తెలిసిన బాధితుల్లో 83 శాతం ఆదివాసులైన మాయా ప్రజలేనని సత్యశోధన కమిషన్ 1999లో తేల్చింది. మాయమైన మనిషికి సమాధి ఉండదు, పూలు ఎక్కడ పెట్టాలో తెలియదు. అలాంటి దేశంలో గాలిపటం మీద యుద్ధం గురించి, వలసల గురించి, ఆడవాళ్ల మీద హింస గురించి రాసి నిలబెడుతున్నారు. సెప్టెంబరు ప్రసంగాల్లో దొరకని ఈ లెక్కలు నవంబరులో ఊరి మైదానంలో కళ్లెదుట నిలబడతాయి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, గట్టిదే. ఫియాంబ్రే పట్నాల్లోని లదీనో (ఆదివాసులు కాని, స్పానిష్ మాట్లాడే) కుటుంబాల వంటకమని, అన్ని రకాల మాంసాలు, జున్నులు కొనే స్తోమత ఎంతమందికి ఉందని అడుగుతారు. నిజమే. అయిదేళ్లలోపు పిల్లల్లో 46.5 శాతం మంది ఎదుగుదల లోపంతో ఉన్నారని 2014-15 జాతీయ సర్వే చెప్పిన దేశమది. చాలా మాయా ఇళ్లలో ఆ రోజు బెల్లం, దాల్చినచెక్క వేసి ఉడికించిన గుమ్మడికాయ, మొక్కజొన్న పొత్తులు, బెంగళూరు వంకాయ పెడతారు. కానీ నేను మాట్లాడుతున్నది తేదీ గురించి. పళ్లెం మారుతుంది, తేదీ మారదు. తోదోస్ సాంతోస్ కుచుమతాన్ అనే ఊళ్లో మాయాల్లో ఒక తెగవారైన మామ్ ప్రజలు అదే రోజు గుర్రాల మీద దౌడు తీస్తారు. 22 మాయా భాషలున్న దేశంలో ఇంతమందిని ఎవరూ ఆదేశించకుండా కదిలించే రోజు ఇంకోటి చూపించండి. క్రిస్మస్ అంటారా? డిసెంబరు 24 అర్ధరాత్రి మషాన్ ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాల్ అనే పిండి ముద్దలు, పోంచే అనే వేడి వేడి పళ్ల పానీయం, చెవులు చిల్లులు పడే టపాసులు... ఒప్పుకుంటాను, పోటీ ఇవ్వగలిగింది అదొక్కటే. కానీ అదీ ఇంటి పండుగే, సర్కారుది కాదు.

సర్కారు పండుగల విలువేమిటో 2018లో సర్కారే చెప్పేసింది. దేశంలో పర్యాటకం పెంచడానికని చట్టం చేసి జూన్ 30, అక్టోబరు 20 సెలవుల్ని సోమవారానికి జరుపుకునే వీలు కల్పించింది. జూన్ 30 సైనిక దినం, దాన్ని ఎటు జరిపినా నాకు బాధ లేదు. అక్టోబరు 20 అలా కాదు. 1944లో నియంతృత్వాన్ని కూల్చిన రోజది. దాన్ని లాంగ్ వీకెండ్‌కి తగిలించేస్తే బీచ్ హోటళ్లకి మంచిదే. క్యాలెండర్‌లో అటూ ఇటూ నెట్టడానికి వీలైన పండుగ ఎవరి మనసులోనూ లేనట్టే లెక్క. సమాధుల దగ్గరికి వెళ్లే రోజుని సోమవారానికి మార్చండని ఏ నాయకుడైనా అనగలడా?

అలాగని ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు, పేరు కొట్టేయడంలో ముందే ఉంది. 2007లో పెపియాన్, హోకోన్, కాకిక్ లాంటి వంటకాల్ని జాతి సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. 2022లో ఈస్టర్‌కి ముందు జరిగే పవిత్ర వారం ఉత్సవాలు, 2024లో రాక్షస గాలిపటాల తయారీ యునెస్కో జాబితాకెక్కాయి. సంతోషం. కానీ ఈ వారసత్వాన్ని ఏటా మోస్తున్నదెవరు? బీట్‌రూట్ రంగు వేళ్లకి అంటుకుని రెండు రోజులు వదలని ఆడవాళ్లు. ఆ చాకిరీకి ఏ బడ్జెట్‌లోనూ పద్దు లేదు. దినుసుల ఖర్చు కూడా చాలా ఇళ్లలో సరిహద్దు అవతలి నుంచే వస్తోంది. 2024లో విదేశాల్లోని గ్వాటెమాలా వాళ్లు ఇంటికి పంపింది సుమారు 2,150 కోట్ల డాలర్లు, అందులో సింహభాగం అమెరికా నుంచి. లాస్ ఏంజెలెస్‌లో అంట్లు తోమే కొడుకు డబ్బు పంపితే అమ్మ ఫియాంబ్రే చేస్తుంది. తినడానికి మాత్రం వాడు రాలేడు, కాగితాలు లేకుండా బయటికొస్తే మళ్లీ వెనక్కి వెళ్లడం ఎలా?

ఈమధ్య సూపర్ మార్కెట్లు ఫియాంబ్రేని తూకం వేసి అమ్ముతున్నాయని, సంప్రదాయం పోతోందని గగ్గోలు పెట్టేవాళ్లున్నారు. వీళ్లలో ఎంతమంది ఎప్పుడైనా పకాయా తొక్క తీశారో కనుక్కోవాలని ఉంది. ఆఫీసు నుంచి రాత్రి 8కి ఇంటికొచ్చే మనిషి 50 దినుసులు విడివిడిగా ఉడికించి తీరాలనే హక్కు ఎవరికీ లేదు. అంతగా బాధపడుతుంటే చేయాల్సిన పని ఒకటుంది. సెలవు నవంబరు 1న ఇస్తున్నారు, తరగడం, ఉడికించడం, ఊరబెట్టడం అంతా అక్టోబరు 30, 31 తేదీల్లో. హోటళ్ల కోసం సెలవులు జరిపిన పార్లమెంటు, వంటింటి కోసం అక్టోబరు 31న కూడా సెలవు ఇవ్వాలి. ఆ రోజు కత్తిపీట ముందు కూర్చోవాల్సింది మగవాళ్లు.