లొల్లి కోచ్ మీద, లాభం ఓనర్‌కి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ ఓడిన రాత్రి హనుమకొండలో ఏ హాస్టల్ వరండాలో నిలబడినా ఒకటే పంచాయితీ. కోచ్‌ను పీకేయాలని ఒక వర్గం, ఇంకో సీజన్ టైమ్ ఇవ్వాలని ఇంకో వర్గం. తెల్లారేసరికి నువ్వు అసలు అభిమానివే కాదు అనే దాకా పోతుంది మాట. ఈ రెండు వర్గాలతోనూ నాకు పేచీ ఉంది. కోచ్ మీద ఎంత కొట్లాడితే ఓనర్ అంత నిశ్చింతగా నిద్రపోతాడు.

యునైటెడ్ పాత కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ 2013లో తప్పుకున్నాక ఆ కుర్చీలోకి మోయెస్, వాన్ గాల్, మొరీన్యో, సోల్‌షార్, టెన్ హాగ్, అమోరిమ్ వరసగా వచ్చారు. తాత్కాలికంగా వచ్చినవాళ్లను వదిలేస్తున్నా. ఎవరి పద్ధతి వారిది, ఒకరి ఆటకూ ఇంకొకరి ఆటకూ పోలికే లేదు. లీగ్ టైటిల్ మాత్రం ఎవరూ తేలేదు. ఇంతమంది మారినా మారనిది ఒకటుంది. 2005లో గ్లేజర్ కుటుంబం దాదాపు 79 కోట్ల పౌండ్లకు క్లబ్‌ను కొన్నది. అందులో పెద్ద భాగం అప్పు, ఆ అప్పును తెచ్చి క్లబ్ నెత్తినే పెట్టారు. అభిమాని కొన్న టికెట్ డబ్బుల్లోంచి, తన క్లబ్‌ను వేరేవాళ్లు కొనడానికి చేసిన అప్పుకు వడ్డీ పోతోంది. 2024లో బ్రిటిష్ వ్యాపారి జిమ్ రాట్‌క్లిఫ్ పావు వంతుకు పైగా వాటా కొని ఆట వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నారు. అదే ఏడాది జూలైలో టెన్ హాగ్‌కు కాంట్రాక్టు పొడిగించి, అక్టోబర్‌లో ఇంటికి పంపించారు. ఆ నాలుగు నెలల తెలివికి మూల్యం చెల్లించింది కోచ్, అభిమానులు. సంతకం పెట్టినవాళ్లు సీట్లలోనే ఉన్నారు.

కోచే ఎందుకు బలవుతాడంటే అతన్ని తీసేయడం తేలిక. పాతిక మంది ఆటగాళ్లను ఒక్కసారే మార్చలేరు, ఓనర్‌ను మార్చే దారి లేదు. ఇంకో ఇంగ్లండ్ క్లబ్ లెస్టర్ సిటీని 2016లో ఛాంపియన్‌గా నిలబెట్టిన కోచ్ రనియేరీని పది నెలలు తిరక్కుండానే, 2017 ఫిబ్రవరిలో తీసేశారు. ఆయన ఆట మర్చిపోయాడా? టేబుల్‌లో కిందికి జారుతుంటే ఎవరో ఒకరి తల చూపించాలి, అంతే.

నా వాదనకు అసలు సాక్ష్యం లండన్ క్లబ్ ఆర్సెనల్ దగ్గరుంది. ఆర్సెన్ వెంగర్ 1996 నుంచి 2018 దాకా, 22 ఏళ్లు అక్కడ కోచ్‌గా ఉన్నారు. 2003-04లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిపించారు. చివరి ఏళ్లలో అభిమానులు నిలువునా చీలిపోయారు. 2017 మార్చిలో వెస్ట్ బ్రామ్‌తో మ్యాచ్ నడుస్తుంటే స్టేడియం మీద ఒక విమానం ఎగిరింది, వెంగర్‌కు కాంట్రాక్టు వద్దన్న బ్యానర్ తోకకు కట్టుకుని. కాసేపటికి ఇంకో విమానం, వెంగర్ మీద నమ్మకం ఉందన్న బ్యానర్‌తో. రెండూ అభిమానులు డబ్బులు పెట్టి ఎగరేసినవే. కింద జట్టు 3-1తో ఓడింది. ఆ గొడవ అంతటితో ఆగలేదు, ఇంకో ఏడాది నడిచింది. 2018 మేలో వెంగర్ వెళ్లిపోయారు. ఒక వర్గం గెలిచామనుకుంది, ఇంకో వర్గం కన్నీళ్లు పెట్టుకుంది.

మూడు నెలలు తిరక్కముందే, ఆగస్టులో ఆర్సెనల్‌లో అతిపెద్ద వాటాదారు స్టాన్ క్రోంకీ రెండో పెద్ద వాటాదారు ఉస్మానోవ్ వాటాను కొనేశారు. 90 శాతం దాటితే మిగతావాళ్లు ఇష్టమున్నా లేకపోయినా అమ్మాల్సిందేనని అక్కడి కంపెనీ చట్టం చెబుతుంది. తాతల కాలం నుంచి ఒకటో రెండో షేర్లు దాచుకున్న అభిమానులున్నారు. ఏటా జరిగే సమావేశంలో లేచి నిలబడి లెక్క అడిగే హక్కు ఆ కాగితంతోనే వచ్చేది. ఆ కాగితాలు గుంజుకున్నారు. క్లబ్ వంద శాతం ఒక్క మనిషిదైంది. ఆ రోజు ఆకాశంలో ఎన్ని విమానాలు ఎగరాలి! అభిమానుల ట్రస్టు వాళ్లు గట్టిగానే అభ్యంతరం చెప్పారు, కానీ వెంగర్ మీద ఖర్చయిన కోపంలో సగం కూడా అటు మళ్లలేదు.

ఆటగాళ్ల విషయంలోనూ ఇదే తంతు. క్లబ్ ఆటగాణ్ని అమ్మితే వ్యాపారం, ఆటగాడు తానే వెళ్తే ద్రోహం. లివర్‌పూల్ కుర్రాడు ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కాంట్రాక్టు అయిపోయాక క్లబ్ వదిలి పోతానన్నందుకు, 2025 మేలో సొంత మైదానంలోనే గేలి చేశారు. మన నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య గోకులం కేరళకు ఆడింది, ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది, భారత జట్టులో ఉంది. ఆమెను సొంత ఊరి క్లబ్‌కు విధేయంగా ఉండమని అడుగుదామంటే, క్లబ్ ఎక్కడుంది?

దీనికి నా మిత్రులు చెప్పే జవాబు నాకు కంఠతా వచ్చు. మనం వరంగల్‌లో కూర్చుని గ్లేజర్లను ఏం చేయగలం, ఆట చూస్తాం, కోచ్ తప్పు కనిపిస్తే తిడతాం, అభిమాని పని అంతే కదా అని. ఇంకొంచెం చదువుకున్న మిత్రులైతే స్పెయిన్ క్లబ్ బార్సిలోనాను చూపిస్తారు: అది సభ్యుల క్లబ్బే, అయినా అప్పుల్లో మునిగి 2021లో మెస్సీని పోగొట్టుకుంది కదా అని. నిజమే. సభ్యుల చేతిలో ఉన్నంత మాత్రాన తెలివి రాదు. కానీ 2020లో అదే బార్సిలోనా సభ్యులు వేలల్లో సంతకాలు సేకరించి అధ్యక్షుడు బార్తొమేవు మీద అవిశ్వాసానికి రంగం సిద్ధం చేస్తే, ఆయన ఓటింగ్ దాకా ఆగకుండా అక్టోబర్‌లో రాజీనామా చేశారు. గ్లేజర్ మీద అవిశ్వాసం పెట్టే కాగితం ఎక్కడ దొరుకుతుంది?

ఇక దూరం సంగతి. మనకు దూరం లేని క్లబ్ కూడా ఒకటుండేది.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మూతపడ్డ పుణె క్లబ్ స్థానంలో వచ్చింది. పుణె అభిమానులు ఏమయ్యారని అప్పుడు మనలో ఎవరమూ అడగలేదు, అది వేరే మాట. మొదటి సీజన్‌లో ఆఖరి స్థానం. తర్వాత మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చి కుర్రాళ్లతో జట్టు కట్టారు. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, పెనాల్టీల్లో 3-1. గోల్ కీపర్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. మరుసటి సీజన్ కూడా లీగ్‌లో రెండో స్థానం. రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టిన రోజులు మళ్లీ వచ్చాయని సంబరపడ్డాం.

ఆ తర్వాత జరిగింది ఆటకు సంబంధించినది కాదు. జీతాలు ఆగాయి. బకాయిల కేసులతో కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం పడింది. మార్కెజ్ గోవా క్లబ్‌కు వెళ్లిపోయారు. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. 2023-24లో కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో మిగిలిన కుర్రాళ్లతో నెట్టుకొచ్చి, 22 మ్యాచుల్లో ఒకే ఒక్కటి గెలిచారు. ఆ సీజన్‌లో కూడా సింగ్టో ఎత్తుగడలను, వెళ్లిపోయిన ఆటగాళ్ల విధేయతను తిట్టిన మహానుభావులను నేను చూశాను. జీతం రాని మనిషి నుంచి ఏ విధేయత కోరుతున్నారో అర్థం కాలేదు. 2024లో క్లబ్ జిందాల్ గ్రూపు చేతికి వెళ్లింది. 2025లో సామాన్లతో సహా ఢిల్లీకి పోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. జెర్సీ కొన్నవాణ్ని, గచ్చిబౌలి దాకా బస్సెక్కి వెళ్లినవాణ్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా చట్టప్రకారం వాళ్లకు లేదు.

జర్మనీలో అయితే ఇంత సులువు కాదు. అక్కడ క్లబ్బుల్లో సగానికి పైగా ఓట్లు సభ్యుల దగ్గరే ఉండాలని నిబంధన. లెవర్కుసెన్, వోల్ఫ్స్‌బర్గ్ లాంటి మినహాయింపులు ఉన్నాయనుకోండి. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆదాయంలో బయటి పెట్టుబడిదారులకు వాటా ఇవ్వబోతే, అభిమానులు వారాల తరబడి మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచులు ఆపారు. లీగ్ ఆ ఒప్పందాన్ని వదులుకుంది. అలా కొట్లాడితే అర్థముంది.

ఇది జర్మన్లకే చేతనైన విద్య అనుకుంటే మన జిల్లాను మనం చూసుకోనట్టే. హనుమకొండ నుంచి భీమదేవరపల్లి వైపు వెళ్తే ముల్కనూర్ వస్తుంది. 1956లో అల్గిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి అక్కడ రైతులతో పెట్టించిన సహకార సంఘం ఈరోజుకీ నడుస్తోంది. అప్పు ఇస్తుంది, ఎరువులు అమ్ముతుంది, పంట కొంటుంది. అదే ఊరి మహిళలు పెట్టుకున్న డెయిరీ పాలను, స్వకృషి పేరుతో, మన ఇళ్లలో రోజూ కాచుకుంటున్నాం. ఆ డెయిరీకి ఓనర్లు పాలు పోసే ఆడవాళ్లే. దాన్ని ఎవరో కొనుక్కుని రాత్రికి రాత్రి ఇంకో రాష్ట్రానికి ఎత్తుకుపోవడం కుదరదు. ఫుట్‌బాల్ క్లబ్‌కు ఈ పద్ధతి ఎందుకు పనికిరాదో నాకు ఎవరూ ఇంతవరకు చెప్పలేదు.

ప్రభుత్వాలకు మాత్రం ఈ పద్ధతి అంటే గిట్టదు, ఏ పార్టీదైనా సరే. 2020 ఫిబ్రవరిలో ఎన్నికైన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2025 ఫిబ్రవరిలో తీరిపోయింది. ఎన్నికలు పెట్టాల్సింది పోయి గడువు పొడిగించారు. సభ్యుడు రైతు, వాటా ధనం రైతుది, ఓటెప్పుడో చెప్పేది సెక్రటేరియట్. యునైటెడ్ కోచ్ గురించి రాత్రి రెండింటి దాకా గొంతు చించుకునే పిల్లల్లో సగం మంది ఇళ్లలో సంఘం పాస్‌బుక్ ఉంటుంది. మన సంఘం ఎన్నికలు ఎందుకు ఆగాయని నాన్నను అడిగినవాడు ఒక్కడైనా ఉంటే, కోచ్ మీద వాడు చెప్పేది వినడానికి నేను రెడీ.